పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించుట – మా అనుభవము



పోయిన నెల ప్రశ్నల పెట్టె తెరిస్తే ఏడో తరగతి వాళ్ళ చీటీలు మూడు వచ్చాయి. మూడింటిలోనూ ఒకటే ప్రశ్న. "స్టోరు రూములో పరుపుల వెనక పడి ఉన్న కంప్యూటర్లు మళ్ళీ ఎలా పని చేస్తున్నాయి? ఎంత ఖర్చు అయ్యింది?" అని. జవాబు నన్ను రాయమని సైన్సు మేష్టారు చెప్పారు. పని చేసింది మేము నలుగురం. కానీ అందులో పెద్ద తప్పు చేసింది నేనొక్కడినే. అందుకని నేను రాయడమే సబబు. ఇది చదివి, నా తప్పు మీరు చేయకుండా ఇంకో పాత కంప్యూటరును లేపితే నాకు సంతోషము.

అసలు సంగతి

మన దగ్గర ఉన్నవి ఆరు కంప్యూటర్లు. నేను మూడో తరగతిలో చేరినప్పుడు అవి ల్యాబులోనే ఉండేవి. పోను పోను ఒక్కొక్కటీ మొరాయించాయి. పోయిన నవంబరులో పట్నం నుంచి మెకానిక్కు వచ్చి చూశాడు. "వీటిలో విండోస్ 7 ఉంది. దానికి 2020 జనవరిలోనే కంపెనీ సాయం ఆగిపోయింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 వీటిలో ఎక్కదు. తుక్కుకు వేసేయండి" అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. మనవాటిలో ర్యామ్ 2 జీబీ. ఆ చిప్పు అసలే లేదు. సంత రోజున పాత ఇనుము కొనే అతను వస్తే ఇచ్చేద్దామని వార్డెన్ సారు అన్నారు. మన సైన్సు మేష్టారు మాత్రం "పదిహేను రోజులు ఆగండి సార్, పిల్లలతో ఒకసారి చూస్తాను" అని గడువు అడిగారు. అలా మొదలైంది.

కంప్యూటరు ముసలిది ఎందుకవుతుంది?

దీనికి మేష్టారు చెప్పిన పోలిక మీకూ చెబుతాను. హార్డుడిస్కు అంటే మన ట్రంకుపెట్టె. ర్యామ్ అంటే మనం చదువుకునే బల్ల. పెట్టెలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని చదువుతాం. ఏటేటా పుస్తకాలు లావైపోతుంటే బల్ల మాత్రం అంతే ఉంటుంది. ఒక పుస్తకం పెట్టాలంటే ఇంకొకటి తీసి పెట్టెలో పెట్టాలి. ఈ తీయడం పెట్టడంతోనే టైము అయిపోతుంది. కంప్యూటరు నెమ్మదించడమంటే చాలాసార్లు ఇదే. బల్ల విరగలేదు, పుస్తకాలు లావయ్యాయి. తక్కువ చోటులో సర్దుకునే పుస్తకాలు తెస్తే ఆ బల్లే సరిపోతుంది. లినక్సులో అలాంటివి ఉన్నాయి.

లినక్సు అంటే ఏమిటి?

కంప్యూటరులో ఉన్న సామానంతటినీ నడిపించే ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ ఒకటి. లినక్సు ఇంకొకటి. 1991లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి దీని కెర్నల్‌ను, అంటే గుండెకాయను, రాయడం మొదలుపెట్టాడు. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చుకోగల, పంచుకోగల సాఫ్టువేరు కావాలని గ్నూ అనే పని ప్రకటించాడు. ఈ రెండూ కలిశాయి. అందుకే దీన్ని పక్కవాడికి కాపీ ఇస్తే దొంగతనం కాదు. ఇమ్మనే చెబుతారు.

కెర్నల్ ఒక్కటే ఉంటే చాలదు. దానికి తెర, ఫైళ్ళు, బ్రౌజరు, అన్నీ కలిపి మూట కట్టి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అవి చాలా ఉన్నాయి. మేము ఎంచుకున్నది డెబియన్. దీన్ని 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి ఆ పేరు పెట్టాడు. ఇప్పటి డెబియన్ 13 అనేది 2025 ఆగస్టు 9న వచ్చింది. దాని ముద్దుపేరు ట్రిక్సీ. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మ డైనోసారు పేరు అది. దీనికి 2030 వరకు భద్రతా సవరణలు వస్తాయి. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదివేవాళ్ళు పది పాసయ్యేదాకా ఢోకా లేదు.

కావలసిన వస్తువులు

1. పాత కంప్యూటరు (64 బిట్ ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్ ఉంటే మంచిది)
2. 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరే చోట దాచుకోవాలి.
3. దాచుకోవడానికి ఇంకో పెన్‌డ్రైవు
4. రాసే రబ్బరు, మెత్తని బ్రష్షు
5. సీఆర్ 2032 అనే గుండ్రని సెల్లు
6. ఓపిక

చేయు విధానము

మొదటి మెట్టు – శుభ్రం చేయుట. ముందు ప్లగ్గు పీకెయ్యాలి. ఇది మరిచిపోకూడదు. మూత తీస్తే మాకు ఒకదానిలో ఎలుక గూడు కనిపించింది. బ్రష్షుతో దుమ్ము దులిపాం. రెండు కంప్యూటర్లు స్విచ్చి వేస్తే బీప్ బీప్ అని అరిచి తెర నల్లగా ఉండిపోయేవి. ర్యామ్ పలకలను బయటకు తీసి, వాటి అంచున ఉండే బంగారు రంగు గీతలను రాసే రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి మళ్ళీ పెట్టాం. అరుపు ఆగింది! ముట్టుకునే ముందు కంప్యూటరు ఇనుప ఒంటిని ఒకసారి తాకాలి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చేస్తుంది (భౌతికశాస్త్రం పాఠము గుర్తు తెచ్చుకోండి).

రెండో మెట్టు – ఫైలు తెచ్చుట. డెబియన్ వారి వెబ్‌సైటులో లైవ్ అనే రకం ఐఎస్‌ఓ ఫైలు ఉంటుంది. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి తెర ఉన్నదాన్ని తీసుకున్నాం. సుమారు మూడు జీబీ. మన దగ్గర సిగ్నలు నీళ్ళ ట్యాంకు దగ్గర తప్ప రాదు కదా. మేష్టారు మండల కేంద్రంలో వాళ్ళింట్లో రాత్రి పెట్టి తెచ్చారు.

తెచ్చిన ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి. డిపోలో బియ్యం తెచ్చాక ఇంటి దగ్గర మళ్ళీ తూకం వేస్తాం చూడండి, అలాగ. వెబ్‌సైటులోనే ఫైలుకు 64 అక్షరాల, అంకెల వరుస ఒకటి ఇస్తారు. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. మన ఫైలుకు మనం లెక్క వేసి చూస్తే అదే వరుస రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు మళ్ళీ తేవాల్సిందే. మాకు మొదటిసారి తేడా వచ్చింది. మధ్యలో కరెంటు పోయిందట.

మూడో మెట్టు – పెన్‌డ్రైవు తయారు చేయుట. ఫైలును పాటలు కాపీ చేసినట్టు కాపీ చేస్తే పని చేయదు. మేము ఒక పూట అలాగే చేసి తలలు పట్టుకున్నాం. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో పెన్‌డ్రైవు మీద "రాయాలి". మేష్టారి ల్యాప్‌టాప్‌లో ఆ పని చేశాం.

నాలుగో మెట్టు – పెన్‌డ్రైవు నుంచి లేపుట. పెన్‌డ్రైవు గుచ్చి, పవరు నొక్కగానే ఎఫ్12 మీటను టపటపా నొక్కాలి. కొన్ని కంపెనీల వాటిలో ఎఫ్9, కొన్నింటిలో ఎఫ్11, కొన్నింటిలో ఎస్కేప్. దేని నుంచి లేవాలో అడిగే పట్టీ వస్తుంది. అందులో పెన్‌డ్రైవును ఎంచుకోవాలి. తరువాత వచ్చే డెబియన్ పట్టీలో మొదటిది, అంటే లైవ్ సిస్టం, నొక్కాలి. రెండు మూడు నిమిషాల్లో తెర వస్తుంది.

ఆరింటిలో ఒకటి ఇక్కడే ఆగిపోయింది. "ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసరు కావాలి, ఇక్కడ ఉన్నది ఐ686" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చూపించింది. అది పెంటియం 4, 32 బిట్‌ది. డెబియన్‌లో 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలరు 12తోనే ఆఖరు. 13లో లేదు. దాని ర్యామ్ పలక మిగతావాటికి వేద్దామంటే గాడి వేరే చోట ఉంది, దూరదు. దాని కీబోర్డూ, మానిటరూ మాత్రం వాడుకున్నాం.

ఐదో మెట్టు – చూచుట. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. లైవ్ అంటే ఏమిటంటే, చేను దగ్గర మంచె మీద ఒక రాత్రి పడుకున్నట్టు. ఇల్లు కట్టలేదు, గోడ పడగొట్టలేదు. దిగి వచ్చేస్తే అంతే. పెన్‌డ్రైవు తీసేసి మళ్ళీ పెడితే కంప్యూటరు పాతది పాతట్టే ఉంటుంది. ఈ మంచె మీద కూర్చునే అన్నీ పరీక్షించుకోవాలి. మౌసు కదులుతోందా? శబ్దం వస్తోందా? వైఫై కనిపిస్తోందా? ఫైళ్ళ కిటికీలో ఎడమ పక్కన పాత హార్డుడిస్కు కనిపిస్తుంది. దాన్ని తెరిచి లోపల ఎవరివి ఏమేమి ఉన్నాయో ఒక్కొక్క సంచీ విప్పి చూడాలి. అవసరమైనవి రెండో పెన్‌డ్రైవులో దాచాలి. ఎవరివో తెలియకపోతే అడగాలి.

మొదటి కంప్యూటరుకు నేను ఈ మెట్టు ఎక్కలేదు. ఏమైందో కింద చెబుతాను.

ఆరో మెట్టు – ఎక్కించుట. తెర మీద "ఇన్‌స్టాల్ డెబియన్" అనే బొమ్మను రెండుసార్లు నొక్కాలి. వరుసగా భాష, ఊరు (ఆసియాలో కోల్‌కతా అని ఎంచుకుంటే మన దేశం టైము వస్తుంది), కీబోర్డు అడుగుతుంది. తరువాత హార్డుడిస్కు సంగతి అడుగుతుంది. "ఎరేజ్ డిస్క్" అంటే ఉన్నదంతా చెరిపేసి కొత్తగా కట్టమని. విండోస్ పక్కనే లినక్సు పెట్టుకునే దారి కూడా ఉంది. ఇక్కడ చెయ్యి ఆపి ఊపిరి పీల్చుకుని మళ్ళీ చదవాలి. ఆ తరువాత పేరు, పాస్‌వర్డు. పాస్‌వర్డు కాగితం మీద రాసి మేష్టారికి ఇవ్వాలి. మరిచిపోతే మళ్ళీ మొదటికి. చివర ఒకసారి మొత్తం చూపించి "ఇన్‌స్టాల్" నొక్కమంటుంది. మన కంప్యూటర్లకు ఒక్కొక్కదానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంట కరెంటు పోకుండా ఉండాలని మొక్కుకోవాలి.

ఏడో మెట్టు – తరువాతి పనులు. మొదటి రోజు వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోలేదు. ఇంటర్నెట్టు ఉంది, అయినా భద్రత లేదని తిట్టేది. రెండు రోజులు కొట్టుకున్నాక మా ఎనిమిదో తరగతి తమ్ముడు "అన్నా, ఇందులో 2009 జనవరి 1 అని ఉందేంటి?" అన్నాడు. లోపలి గుండ్రని సెల్లు అయిపోయి గడియారం వెనక్కి పోయింది. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలు చెల్లవు. సెల్లు మార్చి తేదీ దిద్దితే అన్నీ తెరుచుకున్నాయి.

మేష్టారి ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి, ట్యాంకు వైపు కిటికీలో పెట్టి సవరణలు దించుకున్నాం. టెర్మినల్ అనే నల్ల కిటికీలో "సుడో ఆప్ట్ అప్‌డేట్", తరువాత "సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్" అనే రెండు ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి. అడిగినప్పుడు పాస్‌వర్డు కొడితే తెర మీద ఏమీ కనిపించదు, చుక్కలు కూడా రావు. కీబోర్డు పాడైందని భయపడొద్దు, అది అంతే.

తెలుగుకు సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో లేఅవుట్, అందులో తెలుగు కలుపుకోవాలి. ఇది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు. కె మీద క, హెచ్ మీద ప, జె మీద ర. దేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన అనే తెలుగు ఖతులు కూడా దొరుకుతాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ లినక్సును తెలుగులోకి తెచ్చే పని చేసిందని మేష్టారు చెప్పారు. కేరళలో ప్రభుత్వ బడులలో పిల్లలు లినక్సు మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మనకేం తక్కువ?

నా తప్పు

మొదటి కంప్యూటరులో తెర వచ్చిన ఆనందంలో నేను ఆగలేకపోయాను. మేష్టారు భోజనానికి వెళ్ళారు. ఆయన వచ్చేసరికి చేసి చూపిద్దామని "ఎరేజ్ డిస్క్" నొక్కేశాను. ఆయన వచ్చి మెచ్చుకున్నారు కూడా. అందులో ఏమైనా ఉందా అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

తరువాతి రెండో శనివారం మా అక్క నన్ను చూడడానికి వచ్చింది. అక్క ఇక్కడే చదివింది, 2019 బ్యాచి. ఇప్పుడు విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. గొప్పగా ల్యాబుకు తీసుకెళ్ళి చూపించాను. అక్క ఆ కంప్యూటరును చూసి, "ఇందులో మా పదో తరగతి వీడ్కోలు ఫోటోలు ఉండాలిరా. అప్పటి కంప్యూటరు మేడం ఎక్కించారు" అంది. నాకు నోట మాట రాలేదు. అక్క స్నేహితురాలు ఒకామె పది పాసైన యేడే జ్వరం వచ్చి చనిపోయింది. వాళ్ళ ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. వాళ్ళ అమ్మ అడిగితే, బడిలో ఉంటుంది, తెస్తానని అక్క మాట ఇచ్చిందట. అందుకే వచ్చింది.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మర్నాడు మేష్టారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇకనుంచి ఆ కంప్యూటరు ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. ఎందుకంటే, చెరపడం అంటే హార్డుడిస్కులో విషయసూచిక చింపేయడం మాత్రమే. పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తవి రాసినప్పుడే అవి నిజంగా పోతాయి. మన డిస్కు 160 జీబీ. డెబియన్ రాసుకున్నది అందులో కొద్ది భాగమే. కానీ మేము అప్పటికే వారం రోజులు వాడేశాం.

లైవ్ పెన్‌డ్రైవు మీద లేపి, ఫోటోరెక్ అనే ప్రోగ్రాము దించుకుని, ఆ డిస్కును మొదటి నుంచి చివరి దాకా వెతికించాం. దొరికినవి వేరే డిస్కులోనే దాచాలి. అదే డిస్కులో దాచితే వెతుకుతున్నదాని మీదే మట్టి పోసినట్టు. మధ్యాహ్నం పెడితే తెల్లవార్లూ నడిచింది. ఆ రాత్రి కరెంటు పోలేదు. పొద్దున్న చూస్తే వేలకొద్దీ ఫైళ్ళు. పేర్లు లేవు, అన్నిటికీ నంబర్లే. చాలావాటిలో విండోస్ బొమ్మలు. మేము నలుగురం వంతులవారీగా మూడు సాయంత్రాలు ఒక్కొక్కటీ తెరిచి చూశాం.

మూడో రోజు దొరికింది. వీడ్కోలు రోజు గ్రూపు ఫోటో. పై సగమే ఉంది. కింది సగం బూడిద రంగు. నిలబడ్డ వరుస కనిపిస్తోంది, నేల మీద కూర్చున్న వరుస లేదు. అక్క స్నేహితురాలు వెనక నిలబడింది, తలలో బంతిపువ్వు పెట్టుకుని నవ్వుతోంది. ముందు కూర్చున్న మా అక్క మాత్రం ఆ బూడిదలో పోయింది.

ఫోటో పంపితే అక్క ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను లేకపోతేనేం, నేను ఉన్నాను కదా" అంది. సంత రోజున పై సగం పెద్దదిగా ప్రింటు తీయించి, లామినేషను చేయించి, ఆమె ఇంటికి పంపించాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మిగతా నాలుగింటినీ ముందు విప్పి చూసి, కావలసినవి దాచి, అప్పుడే ఎక్కించాం. వాటిలో పాత టీచర్లు తయారుచేసిన ప్రశ్నపత్రాలు, ఆటల పోటీల ఫోటోలు దొరికాయి. అన్నీ ఇప్పుడు మేష్టారి దగ్గర ఉన్నాయి. పాత విద్యార్థులు ఎవరైనా అడిగితే ఇస్తారు.

ఫలితము

ఆరింటిలో నాలుగు పూర్తిగా పని చేస్తున్నాయి. ఐదోదాని హార్డుడిస్కు టక్ టక్ మని చప్పుడు చేసి, ఫైళ్ళు కాపీ చేసుకున్న రెండు రోజులకు ఆగిపోయింది. అది పెన్‌డ్రైవు మీదే నడుస్తోంది. ఆరోది పెంటియం 4, అది మూత తీసి పాఠం చెప్పడానికి ఉంచాం. ఖర్చయింది పెన్‌డ్రైవులకు, సెల్లులకు మాత్రమే. లినక్సుకు పైసా లేదు.

వీటితో అన్నీ అవుతాయని అనుకోవద్దు. బ్రౌజరులో రెండు మూడు పేజీలకు మించి తెరిస్తే ఆయాసపడతాయి. కానీ లిబ్రె ఆఫీసులో రాసుకోవచ్చు. చిన్నవాళ్ళకు టక్స్ పెయింట్‌లో బొమ్మలు, జీకాంప్రి అనే ఆటలతో లెక్కలు ఉన్నాయి (ఫ్రెంచి భాషలో ఆ పేరు పలికితే "నాకు అర్థమైంది" అని వినిపిస్తుందట). కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియాను ఇంటర్నెట్టు లేకుండానే చదవవచ్చు. ఎనిమిదో తరగతి తమ్ముడు మొదట టైపు చేసింది వాళ్ళ అవ్వ పేరు.

జాగ్రత్తలు

1. చెరిపే ముందు చూడాలి. చూసినా ఇంకొకరిని అడగాలి.
2. తప్పు జరిగితే వెంటనే వాడకం ఆపాలి. తరువాత దాచకుండా చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ పోయేది ఎక్కువ.
3. మూత తీసే ముందు ప్లగ్గు పీకాలి.
4. ఫైలు తూకం చూడకుండా ఎక్కించరాదు.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం ఉదయం టిఫిను తరువాత ల్యాబుకు రండి. ఏ తరగతి అయినా పరవాలేదు. మేము నలుగురం ఈ మార్చితో వెళ్ళిపోతాం. ఆ లోపల కనీసం పదిమందికైనా ఈ పని చేతికి రావాలని మా కోరిక. మా బ్యాచి ఫోటోలు కూడా ఆ కంప్యూటర్లలోనే ఉంటాయి మరి.

ఇట్లు,
మీ అన్న,
10వ తరగతి